మదనపల్లి అర్భకుడు

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి మూడోసారి నా గదికి వచ్చినప్పుడు, నేను బల్ల అంచు పట్టుకుని గాని కుర్చీలోంచి లేవలేకపోయినాను. అతను చూసీ చూడనట్లు ఊరకుండినాడు. నడుం నొప్పికి ఐదు వ్యాయామాలు బొమ్మలతో సహా ఒక కాగితంమీద రాయించుకుని ఏడాది దాటింది. పది దినాలు చేసినాను. నొప్పి తగ్గింది, మానేసినాను, మళ్ళీ వచ్చింది. అధ్యాపక మిత్రుల్లో సగం మందికి ఇది సొంత కథే గనుక పెంచను. ఆ కాగితం కోసం సొరుగులు వెదుకుతుంటే జ్ఞాపకం వచ్చిన మనిషి జిడ్డు కృష్ణమూర్తి. ఆయన ఆలోచనల గురించి రాయడానికి తత్వశాస్త్ర విభాగంవారున్నారు. నేను ఆయన ఒంటిని గురించి రాస్తాను.

1895 మే నెలలో మదనపల్లిలో పుట్టినాడు. ఆ ఊరు అప్పుడు కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదో కాన్పు గనుక కృష్ణుడి పేరు పెట్టినారు. రెండేళ్ళ వయసులో మలేరియా పట్టుకుని చాలాకాలం వదలలేదు. జ్వరాలతో బడి పోయింది, పోయిన చదువు రాలేదు, రానందుకు దెబ్బలు పడినాయి. పదేళ్ళప్పుడు తల్లి పోయింది. 1909లో నారాయణయ్య పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరినప్పుడు, ఆ పిల్లవాడు డొక్కలు కనబడుతూ, వదలని దగ్గుతో, ఎగుడుదిగుడు పళ్ళతో ఉండేవాడట. మన ఊళ్ళల్లో అట్లాంటి వాణ్ణి అర్భకుడంటాం.

అడయారు సముద్రపు ఒడ్డున లెడ్‌బీటర్ ఈ అర్భకుణ్ణి చూసి రాబోయే జగద్గురువు ఇతడేనని నిశ్చయించడం అందరికీ తెలిసిన కథ. నా మటుకు నాకు, ఆ జోస్యం కంటే ఆ తర్వాత అమలు జరిగిన దినచర్య ముఖ్యం: వేళకు తిండి, స్నానం, ఈత, సైకిలు, ఆటలు. అనతికాలంలోనే పిల్లవాడు నిటారుగా నిలబడినాడు. ఇంగ్లండులో ఉన్న రోజుల్లో టెన్నిస్ ఆడినాడు, గోల్ఫ్ బాగా ఆడినాడు. 1925 నవంబరులో తమ్ముడు నిత్యానంద క్షయతో పోయినాడు. 1929 ఆగస్టులో, హాలెండులోని ఆమెన్ శిబిరంలో, తనకోసం కట్టిన సంఘాన్ని తానే రద్దుచేసి గురువు పదవి వదిలేసినాడు. ఇన్ని వదిలేసిన మనిషి పొద్దున వ్యాయామం, సాయంత్రం నడక మాత్రం వదలలేదు. నాకు ఆశ్చర్యం ఇక్కడే.

పోనీ, దాన్నేమైనా సాధనగా, మోక్షమార్గంగా చూసినాడా అంటే అదీ లేదు. ఆసనాలు ఒంటికి మంచివి, అంతకుమించి వాటివల్ల జ్ఞానం రాదని తేల్చి చెప్పేవాడు. శరీరానికి దాని తెలివి దానికుందనీ, రుచులూ అలవాట్లూ దాన్ని చెడగొడతాయనీ ఆయన అభిప్రాయం. మాంసం, మద్యం, పొగ ఎరగడు. కళ్ళకు బేట్స్ పద్ధతి కసరత్తు ఏళ్ళ తరబడి చేసినాడు, కళ్ళజోడు లేకుండానే గడిపినాడు. (ఆ పద్ధతిని నేటి కంటి వైద్యులు ఒప్పరు. కళ్ళజోడు తీసి పారేయవద్దని విద్యార్థులకు మనవి.)

1948 నుంచి ఆయనకు ఆసనాలు నేర్పినవారు పూనాలోని బి.కె.ఎస్. అయ్యంగారు. 1965లో మద్రాసులో టి.కె.వి. దేశికాచారిని పిలిపించుకున్నాడు. అప్పుడాయనకు 70, దేశికాచారికి 27. పెద్దాయన తనకు వచ్చిన కఠినమైన ఆసనాలన్నీ వేసి చూపించినాడు. వేసినాడు గాని ఊపిరి బిగబట్టి, కండలు బిగించి వేస్తున్నాడని కుర్రవాడు పసిగట్టినాడు. ఊపిరితోపాటు కదలిక ఉండాలి, ఊపిరి తడబడితే అక్కడికి ఆపాలి, ఇదీ దేశికాచారి నేర్చిన పద్ధతి. మరి ప్రపంచమంతా చెవియొగ్గి వినే మనిషి ఏం చేసినాడు? పదిహేడేళ్ళుగా చేస్తున్నది పక్కనబెట్టి, అ ఆల నుంచి మొదలుపెట్టినాడు. మనవడి వయసు వాణ్ణి గురువుగా మర్యాద చేస్తూ నేర్చుకున్నాడు.

ఇందులో నాకు తగిలే ముల్లు ఒకటుంది. నేను చేసిన ఆ పది దినాలూ ఊపిరి బిగబట్టి, పళ్ళు కొరికి, గడియారం చూస్తూ చేసినవే. కీళ్ళలోని మృదులాస్థికి రక్తనాళాలుండవు. కీలు కదిలి, నొక్కుకుని, వదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవం నుంచే దానికి పోషణ. వాడని కండ నడివయసు నుంచి కరుగుతుంది, బరువు మోయని ఎముక పలచబడుతుంది. డెబ్బైలో మొదలుపెట్టినా కండ బలం పుంజుకుంటుందని నేటి వైద్యం చెబుతుంది. కాని అది ఏ పూటకు ఆ పూట చేసే పని, ఇల్లు ఊడ్చుకున్నట్లు. మన తిరుపతిలో ఏటా ఒకసారి అలిపిరి మెట్లు 3,550 ఒక్క ఊపున ఎక్కేసి, ఆ తర్వాత వారం దినాలు మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళం ఎందరం లేము! స్వామికి మొక్కు చెల్లుతుందేమో, మోకాళ్ళకు చెల్లదు.

ఆయన ఒళ్ళు ఉక్కుతో చేసిందేమీ కాదు. జలుబు, దగ్గు, గవత జ్వరం జీవితాంతం వేధించినాయి. అయినా తొంభయ్యో ఏట కూడా పుట్టిన ఊరికి పదహైదు కిలోమీటర్ల దూరంలోని ఋషివ్యాలీకి వచ్చినాడు. అది 1985 డిసెంబరు. ఎన్నో ఏళ్ళుగా సాయంత్రాలు విసవిసా నడిచిన దారులే, ఈసారి ఒళ్ళు సహకరించలేదు. బరువు తగ్గిపోతున్నది. క్లోమంలో క్యాన్సర్ అని తేలింది ఆ తర్వాత. వ్యాయామం దాన్ని ఆపలేదు. ఆపుతుందని ఆయనా అనుకున్నట్లు లేదు. 1986 జనవరి మొదటి వారంలో మద్రాసులో చివరి ఉపన్యాసాలిచ్చినాడు. 10వ తేదీ రాత్రి అమెరికా విమానం. బయలుదేరే ముందు అడయారు సముద్రపు ఒడ్డుకు వెళ్ళినాడు. డెబ్బై ఆరేళ్ళ కిందట డొక్కలు కనబడే పిల్లవాడుగా నిలబడిన ఒడ్డు అదే. అక్కడ కాసేపు నడిచి, వచ్చి కారెక్కినాడు. ఫిబ్రవరి 17న కాలిఫోర్నియాలోని ఒహాయిలో కన్నుమూసినాడు.

కాగితం దొరికింది. రెండో బొమ్మ దగ్గర, ఊపిరి వదులుతూ అని రాసి ఉంది. ఏడాదిగా నేను చదవని మాట.