కుర్చీ దిగిన వైస్ ఛాన్సలర్

కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు తెలియని విద్యార్థి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండడు. కాన్వొకేషన్ హాలు మీద ఆ పేరే ఉంది. ఏలూరు వాళ్ళకయితే ఊళ్ళో కాలేజీ పేరే అది. కాని ఆయన ఏం చేశారయ్యా అంటే, మొదటి వైస్ ఛాన్సలర్ అని చెప్పి ఊరుకుంటాం. ఆ మొదటి వైస్ ఛాన్సలరే పదవి వదిలేసి వెళ్ళిపోయారనీ, ఎందుకు వెళ్ళారనీ చెప్పగలిగిన వాళ్ళు తక్కువ. ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు ముందుగా తట్టింది ఆ సంగతే.

నేను రోలుగుంట వాణ్ణి. నర్సీపట్నం దాటితే మన్యం. ఆ కొండల్లోనే 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు తెల్లదొరల్ని నిద్రపోనివ్వలేదు. మా ఊరి పెద్దవాళ్ళకి ప్రభుత్వం అంటే పోలీసులూ, కొండెక్కుతున్న పటాలాలూ. 1924 మే నెలలో రాజును కాల్చి చంపారు. ఆ తర్వాత రెండేళ్ళకే, 1926లో, అదే ప్రభుత్వం తెలుగువాళ్ళకొక విశ్వవిద్యాలయం పెట్టింది. ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో పలక. ఈ రెండు చేతుల మధ్య కూర్చోవలసి వచ్చిన మనిషి రెడ్డిగారు.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, ఉత్తర ఆర్కాటులో భాగం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లోనే ముసలమ్మ మరణము అనే కావ్యం రాశారు. తెగబోతున్న చెరువు కట్ట కోసం ప్రాణం ఇచ్చిన ఒక ఇంటి కోడలి కథ అది. రాజుల కథలూ శృంగార ప్రబంధాలూ రాసుకుంటున్న రోజుల్లో ఒక రైతు ఇంటి ఆడపిల్ల మీద కావ్యం! తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వెళ్ళి సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివారు. అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. ఆ రోజుల్లో అది భారతీయుడికి దక్కే పదవి కాదు. మాట్లాడటం మీద ఆయనకున్న మోజు అక్కడే ముదిరిందనుకుంటాను. ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు ఎవరయినా ఒక్క మాటే చెప్పేవారు: నవ్వించి నవ్వించి, నవ్వుతుండగానే చురక అంటించేవారట.

తిరిగొచ్చాక బరోడా కాలేజీలో పనిచేశారు. అరవిందులు పని చేసి వదిలి వెళ్ళిన కాలేజీ అది. అక్కణ్ణించి మైసూరు. మైసూరులో ప్రొఫెసరు, తర్వాత విద్యాశాఖాధిపతి. అంటరానివాళ్ళని దూరం పెట్టిన పిల్లలకి సర్కారు బడుల తలుపులు తెరవాలని పట్టుబట్టి అగ్రవర్ణాల వాళ్ళకి కంట్లో నలుసయ్యారు. అక్కడుండగానే 1914లో కవిత్వ తత్త్వ విచారము వచ్చింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకుంటూ, మిగతా ప్రబంధాల్ని ఉతికి ఆరేసిన పుస్తకం. పండితులు మండిపడ్డారు. చిత్రమేమిటంటే, అదే 1914లో విజయనగరం నుంచి గురజాడ అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం పంపారు. కాలేజీ పిల్లలకి వాడుక తెలుగు పనికిరాదనే వాళ్ళతో ఒప్పుకోనని అందులో తెగేసి చెప్పారు. ఇద్దరి మార్గాలూ వేరు. కాని విశ్వవిద్యాలయం తానే పెట్టుకున్న సంఘంలో కూర్చుని, అందరూ ఔనన్నదాన్ని కాదని రాసిపెట్టడం గురజాడ నేర్పిన విద్యే. దాన్ని మనం పెద్దగా వాడుకోలేదు.

1921 ప్రాంతాల్లో రెడ్డిగారు మైసూరు కొలువు వదిలి మద్రాసు రాజకీయాల్లోకి దిగారు. జస్టిస్ పార్టీలో చేరారు, ఆ పార్టీతోనే తగాదా పడ్డారు. 1923 నవంబరులో పానగల్లు రాజా మంత్రివర్గం మీద శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం పెట్టించినవారిలో ముందున్నది ఆయనే. 65కి 44 ఓట్లతో వీగిపోయింది. ఓడిపోయినా ఎవరూ ఆయన్ని ఏమీ చెయ్యలేకపోయారు. చెయ్యడానికి వీల్లేదు కూడా. మండలిలో సభ్యుడి మాటకి చట్టమే కాపలా ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత ఆయన కూర్చున్న కుర్చీకి ఆ కాపలా లేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలయినప్పుడు కార్యస్థానం బెజవాడ. రాజమండ్రి వాళ్ళు మాకంటే మాకన్నారు, అనంతపురం వాళ్ళూ అడిగారు. ఆ గొడవలన్నీ తీరి 1930కి వాల్తేరు కొండ మీదకి వచ్చింది. ఛాన్సలరెవరు? మద్రాసు గవర్నరు. చట్టం చేసింది ఎవరు? మద్రాసు ప్రభుత్వం. డబ్బిచ్చేది కూడా చాలావరకు వాళ్ళే. (జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి లక్షలు తర్వాత వచ్చాయి, ఆ దాతృత్వం వేరే వ్యాసానికి సరిపడా ఉంది.) ఇంత చిన్న కొత్త సంస్థకి పెద్దగా ఉంటూ, ఇటుక మీద ఇటుక పేరుస్తున్న సమయంలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది.

1930 ఏప్రిల్ నుంచి తెలుగుజిల్లాల్లో ఏం జరిగిందో మీకు చరిత్ర పాఠంలో ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉప్పు వండిన వాళ్ళని లాఠీలతో కొట్టారు. మన విశాఖపట్నంలో తెన్నేటి విశ్వనాథం గారి వంటివాళ్ళు జైళ్ళకి వెళ్ళారు. గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోవడమే నేరమని ఉత్తర్వు ఇచ్చారు. నెత్తిన రెండణాల గుడ్డ! రెడ్డిగారు కాంగ్రెస్ సత్యాగ్రహి కాదు. ఉప్పు వండలేదు, టోపీ పెట్టలేదు. అయినా ఆ అణచివేతకి నిరసనగా వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చేశారు. 1931లో ఆ స్థానంలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు.

ఇందులో నన్ను ఎప్పుడూ తొలిచే విషయం ఒకటుంది. ఆయన కుర్చీలో కూర్చునే ఎందుకు మాట్లాడలేదు? నా లెక్క ఇది. ఆ రోజుల్లో మాట్లాడితే ఏమవుతుందో రుచి చూపించడం 1907లోనే అయిపోయింది. ఆ ఏడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ట్రెయినింగ్ కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్ళారు. ప్రిన్సిపాలు హంటరు దొర ఊరుకుంటాడా? గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు, సర్కారు ఉద్యోగానికి పనికిరాడన్నారు. అప్పటికే ఆయన ఎం.ఏ., పంతులుగారు కావలసిన మనిషి. పంతులుగారు కాలేదు, పత్రిక పెట్టి 1908లో రాజద్రోహం కేసులో జైలుకి వెళ్ళారు. అదే 1907లో రిస్లీ సర్క్యులర్ అని ఒకటి దేశమంతా తిరిగింది. విద్యార్థులూ ఉపాధ్యాయులూ రాజకీయాల జోలికి పోరాదు, పోతే కాలేజీకి గ్రాంటు, గుర్తింపు, స్కాలర్‌షిప్పు అన్నీ ప్రశ్నార్థకమే అని దాని సారం. దెబ్బ మాట్లాడినవాడి మీద ఒక్కడి మీదే పడదు, వాడి కాలేజీ మొత్తం మీద పడుతుంది. కుర్చీలో ఉండి గవర్నర్ని తిడితే నాలుగేళ్ళ పసికందు విశ్వవిద్యాలయం గొంతు నొక్కుతారు. నోరు మూసుకుని కూర్చుంటే తన గొంతు తనే నొక్కుకున్నట్టు. అందుకని కుర్చీని విశ్వవిద్యాలయానికి వదిలి, నోటిని తనతో తీసుకుపోయారు.

దీన్ని ఆకాశానికెత్తేముందు ఒక మాట చెప్పాలి. రెడ్డిగారు పెళ్ళి చేసుకోలేదు. కట్టమంచిలో ఆస్తి ఉంది. కేంబ్రిడ్జి డిగ్రీ ఉంది, పేరుంది, రాజీనామా చేస్తే పత్రికల్లో వేస్తారు. ఆ పని లెక్చరరు చెయ్యగలడా? రోలుగుంట లాంటి ఊళ్ళో రెండెకరాల మెట్ట అమ్మి చదివించిన తండ్రి, పెళ్ళి కావలసిన చెల్లెలు, ప్రతినెలా సొసైటీ లోను కోత. అతగాడు రాజీనామా ఇస్తే పత్రికలో వెయ్యరు సరికదా, ఆ ఖాళీ మర్నాడే భర్తీ అవుతుంది. పెద్దవాళ్ళకి రాజీనామా ఒక ఆయుధం. చిన్నవాళ్ళకి నియమాలే దిక్కు.

ఆ నియమాల సంగతీ నాకు కొంత తెలుసు. 1980ల మొదట్లో నేనొక ప్రభుత్వ కళాశాలలో పాఠాలు చెప్పేవాణ్ణి. పేరు అనవసరం. హాస్టలు పిల్లలకిచ్చే మెస్ చార్జీలతో పూటకి ఎంత బియ్యం, ఎంత పప్పు వస్తుందో లెక్కకట్టి ఒక చిన్న పత్రికలో వ్యాసం వేశాను. పదిహేను రోజులకి మెమో. ప్రభుత్వ విధానాన్ని విమర్శించినందుకు ఏడురోజుల్లో సంజాయిషీ ఇవ్వమని. తెలియక రాశానని ఒక్క ముక్క రాసి ఇచ్చెయ్ గురూ, పోతుంది, అన్నారు స్టాఫ్‌రూములో అందరూ. లెక్కలన్నీ మెస్ రిజిస్టరులోవే, తప్పుంటే చూపించండి అని రాసి ఇచ్చాను. చూపించలేదు. ఒక ఇంక్రిమెంటు మాత్రం ఆపారు, క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా. 1964 నాటి ప్రవర్తన నియమావళిని అప్పుడే మొదటి సారి పూర్తిగా చదివాను. సాహిత్యం, కళలు, శాస్త్రం మీద రాసుకోవచ్చు. ప్రభుత్వం ఏం చేస్తోందో దానిమీద మాత్రం జాగ్రత్త. సూరన మీద ఎన్ని పేజీలయినా రాయి, సాంబారు మీద రాయకు అన్నమాట.

నియమం మరీ మింగేసేలా ఉంటే కోర్టులు అడ్డుపడ్డ సందర్భాలున్నాయి. ఉద్యోగులు ఏ రకం ప్రదర్శనా చెయ్యరాదన్న బిహార్ ప్రభుత్వ నియమాన్ని సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. సర్కారు కొలువులో చేరినంత మాత్రాన పౌరుడి హక్కులు గుమ్మం బయట విడిచిన చెప్పులు కావన్నది దాని తాత్పర్యం. సమ్మె హక్కు మాత్రం లేదని అదే తీర్పులో చెప్పారు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు స్కూలు టీచరొకడు బడి నిధుల వాడకం మీద పత్రికకి ఉత్తరం రాసి ఉద్యోగం పోగొట్టుకుంటే, 1968లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. నా మెస్ చార్జీల వ్యాసానికి అన్నదమ్ముడే ఆ ఉత్తరం. ఇక కేంబ్రిడ్జి మాటెత్తితే, రెడ్డిగారికి మాట్లాడటం నేర్పిన ఆ విశ్వవిద్యాలయంలోనే 1916లో ట్రినిటీ కాలేజీ బెర్ట్రాండ్ రస్సెల్‌ని లెక్చరరు పదవి నుంచి తీసేసింది. యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రం రాసి జరిమానా పడ్డాడని. దొరల దేశం గదా, అక్కడంతా స్వేచ్ఛే అనుకునే వాళ్ళకోసం చెబుతున్నాను.

రెడ్డిగారి దగ్గరకొస్తాను. ఆయన లేని ఐదేళ్ళలో రాధాకృష్ణన్ గారు ఆర్ట్స్ కాలేజీ పెట్టారు, ఊరూరా వెదికి పడుచు మేధావుల్ని తెచ్చారు. హుమాయూన్ కబీర్ వచ్చారు. హీరేన్ ముఖర్జీ 1934లో వచ్చి చరిత్ర, రాజనీతి చెప్పారు. ఆయన ఎర్రజెండా మనిషని తెలిసే తీసుకున్నారు. అంటే, మాట్లాడే లెక్చరర్లకి చోటిచ్చే సంప్రదాయం కూడా ఈ కొండ మీద ఒకటుంది. మెమోల సంప్రదాయం ఒక్కటే కాదు.

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డ్ వెళ్ళగా రెడ్డిగారు తిరిగి వచ్చారు. వదిలేసిన కుర్చీలోనే మళ్ళీ కూర్చుని 1949 దాకా పదమూడేళ్ళు నడిపారు. 1942 ఏప్రిల్లో జపాను వాళ్ళు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు కాలేజీల్ని గుంటూరుకి తరలించారు. లాబొరేటరీ గాజుసామాను గడ్డిలో చుట్టి రైలెక్కించి, ఒక విశ్వవిద్యాలయాన్ని మూట కట్టుకుపోవడం ఎంత పనో ఊహించండి.

ఆ 1942లోనే ఆయనకి సర్ బిరుదు వచ్చింది. తీసుకున్నారు. పన్నెండేళ్ళ క్రితం ఏ ప్రభుత్వం లాఠీలకి నిరసనగా పదవి వదిలారో ఆ ప్రభుత్వం ఇచ్చిన బిరుదే. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా. పిల్లలు చదువులు వదిలి జైళ్ళకి పోతున్నారు. కాశీ విశ్వవిద్యాలయంలో వైస్ ఛాన్సలరుగా ఉన్న రాధాకృష్ణన్ గారు గవర్నరు కోపానికి ఎదురు నిలవవలసి వచ్చింది. రెడ్డిగారు ఈసారి రాజీనామా చెయ్యలేదు. అభిమానులు ఈ విషయం దగ్గర గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను. 1930లో ఉన్నది బెజవాడ నుంచి సామాను దించుకుంటున్న ఆఫీసు. 1942లో ఉన్నవి కాలేజీలు, ప్రయోగశాలలు, గుంటూరు గదుల్లో ఇరుక్కుని చదువుతున్న వందలాది పిల్లలు. ఇంటికి పెద్దవాడు కోపం వస్తే సన్యాసం పుచ్చుకోవచ్చు, పెళ్ళి కాకముందయితే. కాని ఆ బిరుదు పుచ్చుకోవలసిన అవసరం మాత్రం నాకు ఏ లెక్కలోనూ కనపడదు. హాలు మీద పేరుకి ముందు సర్ అని చూసినప్పుడల్లా నాకు 1930యే గుర్తొస్తుంది, అది చెక్కినవాళ్ళ ఉద్దేశం అది కాకపోయినా.

1948 డిసెంబరు స్నాతకోత్సవంలో, రెడ్డిగారి పేరు మీదున్న జాతీయ బహుమతిని విశ్వవిద్యాలయం అరవిందులకి ఇచ్చింది. అరవిందులు రాలేదు. పుదుచ్చేరి ఆశ్రమంలో ఆయన గది వదిలి బయటికి రాక అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆయన్ని ప్రశంసిస్తూ పత్రం చదివింది రెడ్డిగారే. 1906లో బరోడా ఉద్యోగం వదిలి నోరు విప్పి, రాజద్రోహం కేసులకెక్కిన లెక్చరరు ఆయన. ఆ కాలేజీకే తర్వాత వెళ్ళిన లెక్చరరు ఈయన. ఇద్దరిలో ఒకరు తిరిగి ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. మరుసటి ఏడు రెడ్డిగారు వాల్తేరు విడిచి వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.