సరియైన తూనికను కోరిన లావోయిజియే

ఆంట్వాన్ లావోయిజియే 1743వ సంవత్సరమున పారిస్ నగరమందు జన్మించెను. న్యాయశాస్త్రమును చదివియు, రసాయనశాస్త్రమునందే మనస్సు నిలిపి, త్రాసును తన ముఖ్యసాధనముగా చేసికొనెను.

ఆ కాలమున ఫ్రాన్సులో లీవ్రు అను తూనిక యొక్కొక్క సీమలో నొక్కొక్క విధముగా నుండెను. పారిస్ లీవ్రునకు 16 ఔన్సులు, ఔన్సునకు 8 గ్రోలు, గ్రోనకు 72 గ్రెయినులు. ఈ చిక్కు లెక్కలకు మారుగా లీవ్రును దశాంశములుగా విభజించుట మేలని యతడు 1789లో ప్రకటించిన తన గ్రంథమున బోధించెను.

విప్లవము వచ్చిన పిమ్మట నూతన మానములను నిర్ణయించు సంఘములో నతడు చేరెను. మతగురువైన హాయీతో గూడి, నియతమైన ఘనపరిమాణముగల శుద్ధజలమును తూచి, క్రొత్త తూనికకు పునాది వేసెను.

అయితే పూర్వము రాజునకు పన్నులు వసూలుచేయు కంపెనీలో నతడు భాగస్థుడు. ఆ కారణమున 1793 నవంబరులో చెరసాల పాలయ్యెను. ఆ భయంకరదినములలో హాయీయు, బోర్డా యను మఱియొక సభ్యుడును అతని విడుదలకై ధైర్యముతో విన్నవించిరి. విన్నపము నిష్ఫలమయ్యెను, కొలదిదినములకే బోర్డాయు సంఘమునుండి తొలగింపబడెను. 1794 మే 8వ తేదీన లావోయిజియే శిరచ్ఛేదము నొందెను.

మరుసటి యేడు గ్రాము శాసనసమ్మతమయ్యెను. 1799లో ప్లాటినము కిలోగ్రాము సిద్ధమయ్యెను. ప్రజలు పాతపేరును విడువలేకుండుటచే నెపోలియన్ 1812లో 500 గ్రాముల లీవ్రును అనుమతించెను. 1840 మొదలు మెట్రిక్ మానములే నిర్బంధములయ్యెను. అయినను అరకిలోను లీవ్రు అనువారు ఫ్రాన్సులో నేటికిని కలరు.

బాలబాలికలారా! తాను నాటిన చెట్టు ఫలమును లావోయిజియే చూడలేదు. అయినను ఆ ఫలమును లోకమంతయు ననుభవించుచున్నది. మన పనియు నట్టిదై యుండుగాక.