హోమ్ థియేటర్ కొంటున్నారా? స్టీరియో సౌండ్ కనిపెట్టి 38 ఏళ్లకే కన్నుమూసిన ఈ ఇంజినీర్ కథ తెలుసా?

హోమ్ థియేటర్ రిసీవర్ కొనాలని షోరూమ్‌కి వెళ్తే 5.1, 7.1 అంటూ లెక్కలు మొదలవుతాయి. పాటలకు ఏది మంచిది? సినిమాలకు ఏది? తల తిరిగిపోతుంది. ఈ లెక్కల వెనకున్న అసలు ఆలోచన దాదాపు 95 ఏళ్ల నాటిది. దాన్ని కనిపెట్టిన వ్యక్తి అలన్ బ్లూమ్‌లైన్. ఆడియో ఇంజినీర్లకు ఈ పేరు బాగా తెలుసు. బయట మాత్రం విన్నవాళ్లు తక్కువే.

సినిమా హాల్లో పుట్టిన ఐడియా

బ్లూమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లో పుట్టారు. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీలో చేరారు. రికార్డులు చెక్కే యంత్రానికి అప్పట్లో అమెరికా వాళ్లకు రాయల్టీ కట్టాల్సి వచ్చేది. ఆ పేటెంట్ల జోలికి పోకుండా కొత్త యంత్రం తయారు చేయడమే ఆయనకు అప్పగించిన మొదటి పని. చేసి చూపించారు. 1931లో ఆ కంపెనీ ఈఎమ్ఐలో కలిసిపోయింది.

అదే ఏడాది కాబోయే భార్య డోరీన్‌తో కలిసి సినిమాకెళ్లారు. తెర మీద హీరో ఒక పక్కన ఉంటే, మాట మాత్రం ఇంకో పక్క నుంచి వస్తోంది. మనిషి ఎటు నడిస్తే గొంతూ అటే వెళ్లేలా చేసే మార్గం తన దగ్గరుందని ఆయన డోరీన్‌కి చెప్పారట. 1931 డిసెంబర్ 14న పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. రెండు చెవులు దిక్కును ఎలా పసిగడతాయో గమనించి, రెండు మైకులు, రెండు స్పీకర్లతో అదే అనుభూతి కలిగించడం ఆయన పద్ధతి. ఒకే గాడిలోని రెండు గోడల మీద రెండు ఛానళ్లనూ రికార్డు చేసే విధానం కూడా అందులోనే ఉంది.

రైళ్ల చప్పుడుతో పరీక్ష

1934లో అబే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ ఆర్కెస్ట్రా మొజార్ట్ సంగీతం వాయిస్తుంటే స్టీరియోలో రికార్డు చేశారు. 1935లో హేస్ రైల్వే స్టేషన్‌లో రైళ్లను చిత్రీకరించారు. తెర మీద రైలు కదులుతుంటే చప్పుడూ దాంతోపాటే కదిలింది!

కానీ వ్యాపారంగా అది ముందుకు సాగలేదు. కంపెనీ ఆయన్ని టీవీ పనిలోకి మళ్లించింది. 1936లో బీబీసీ మొదలుపెట్టిన 405 లైన్ల టీవీ వ్యవస్థలో ఆయన పాత్ర కీలకం. మొత్తంగా ఆయన పేరున 128 పేటెంట్లున్నాయి.

ఆకాశంలో విషాదం

తర్వాత యుద్ధం వచ్చింది. చీకట్లోనూ నేలను చూపించే హెచ్2ఎస్ అనే రాడార్ కోసం పనిచేశారు. 1942 జూన్ 7న ఆ రాడార్‌ని పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం ఇంజిన్‌లో మంటలు చెలరేగి కూలిపోయింది. అందులోని 11 మందీ చనిపోయారు. అప్పటికి బ్లూమ్‌లైన్ వయసు 38. డోరీన్‌కి ఇద్దరు కొడుకులు మిగిలారు. అది యుద్ధ రహస్యం కావడంతో వార్త బయటకు పొక్కనివ్వలేదు. అంత పెద్ద మేధావి పోయాడన్న సంగతి కూడా జనానికి తెలియలేదు.

స్టీరియో రికార్డులు మార్కెట్‌ని ముంచెత్తింది 1958 నుంచి. ఆ సంబరం చూడటానికి ఆయన లేరు. 2017లో టెక్నికల్ గ్రామీ పురస్కారం మాత్రం దక్కింది. అదీ చనిపోయిన 75 ఏళ్లకు!

మరి రిసీవర్ సంగతేంటి?

ఆయన్ని వేధించిన ప్రశ్నే ఇప్పుడూ పనికొస్తుంది. తెర మీద మనిషి ఎక్కడున్నాడు, గొంతు ఎక్కడి నుంచి వస్తోంది?

• ఎక్కువగా పాటలే వింటారా? రెండు మంచి స్పీకర్లు, వాటిని హాయిగా నడిపించే రిసీవర్ చాలు. రెండింటికీ సమాన దూరంలో కూర్చుంటే గాయకుడి గొంతు సరిగ్గా మధ్యలోంచే వినిపిస్తుంది.

• ఇంటిల్లిపాదీ సినిమాలు చూస్తారా? పక్కకు కూర్చున్నవాళ్లకు ఆ గొంతు దగ్గరి స్పీకర్ వైపు జరిగిపోతుంది. అందుకే టీవీ కింద సెంటర్ స్పీకర్ ఉండాలి. 5.1లో డైలాగులు ఎక్కువగా వచ్చేది దాన్నుంచే. బడ్జెట్ తక్కువైతే వెనక స్పీకర్లు తర్వాత కొనుక్కోవచ్చు.

కొనేముందు షాపులో ఒక పాట, ఒక డైలాగ్ సీన్ పెట్టించుకోండి. మధ్యలో ఒకసారి, పక్కన ఒకసారి కూర్చుని వినండి. ఛానళ్ల లెక్క కన్నా మీ చెవులే సరైన తీర్పు చెబుతాయి.