కుర్రతనంలో పట్టిన కలం.. ఏడు పదులు దాటాక నవలైంది: నంద్యాల ఎంపీ పీవీ కథ ఇదీ!

1991 వేసవి. ఢిల్లీలోని ఓ బంగ్లాలో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి చేరుతున్నాయి. అవన్నీ హైదరాబాద్‌కు వెళ్లాల్సిన పెట్టెలు. వాటి యజమానికి డెబ్బయ్యో ఏడు దగ్గర పడింది. ఏడాది కిందటే అమెరికాలో గుండె ఆపరేషన్ అయింది. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ కూడా చేయలేదు. ఇక రాజకీయాలు చాలు, మిగిలిన రోజులు చదువుకుంటూ రాసుకుంటూ గడిపేద్దామన్నది ఆయన ఆలోచన. ఆ పెద్దాయనే పాములపర్తి వెంకట నరసింహారావు. మనందరికీ పీవీ.

అయితే ఆ ఏడాది మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్యకు గురయ్యారు. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 21న, పీవీ దేశ ప్రధానిగా ప్రమాణం చేశారు. సర్దుకున్న పుస్తకాలు, రాయాలనుకున్న రాతలు మళ్లీ వెనక్కి పోయాయి. ఇక్కడే ఈ కథలోకి నంద్యాల వచ్చింది, ఆళ్లగడ్డ వచ్చింది.

వంగర పిల్లాడు.. పుస్తకాల పిచ్చి

పీవీ పుట్టింది 1921 జూన్ 28న, వరంగల్ జిల్లా లక్నేపల్లిలో. చిన్నతనంలోనే దత్తత వెళ్లడంతో కరీంనగర్ జిల్లా వంగర ఆయన సొంతూరైంది. అప్పుడు అది నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. దానికి తోడు సంస్కృతం. ఒక్క భాషతో సరిపెట్టుకునే రకం కాదని ఆ పిల్లాడు అప్పుడే తేల్చేశాడు.

1938లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. గేయం పాడిన విద్యార్థులను కాలేజీల నుంచి బయటకు పంపేశారు. వాళ్లలో పీవీ కూడా ఉన్నారు. సొంత గడ్డ మీద చదువు ఆగిపోతే నాగ్‌పూర్ వెళ్లారు. పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, నాగ్‌పూర్‌లో లా చదివారు. కాలేజీ నుంచి వెళ్లగొట్టడం శిక్షే. కానీ ఆ శిక్షే ఆయనకు మరాఠీ నేర్పింది. అది తర్వాత రెండు విధాలుగా అక్కరకొచ్చింది. ఒకటి సాహిత్యంలో, రెండోది ఎన్నికల్లో.

చదువు ముగిశాక వరంగల్‌లో బంధువు పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. ఇద్దరూ కలిసి జయ-విజయ అనే పేరుతో రాసేవారు. 1949లో అదే పత్రికలో పీవీ కథ గొల్ల రామవ్వ అచ్చయింది. నిజాం పోలీసుల నుంచి తప్పించుకుని వచ్చిన ఓ కుర్రాడిని తన గుడిసెలో దాచి కాపాడిన ముసలవ్వ కథ అది. తెలంగాణ సాయుధ పోరాట కాలాన్ని చెప్పే కథల్లో దానికి ఇప్పటికీ చోటుంది. ఆ కథ వచ్చేనాటికి పీవీకి 28 ఏళ్లు. అక్కడి నుంచి రచయితగా ముందుకు పోతారనుకుంటే.. రాజకీయం లాక్కుపోయింది.

పదవులు పెరిగాయి.. రాత తగ్గింది

1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. 1957లో మంథని నుంచి అసెంబ్లీకి వెళ్లారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకునే తీరిక దొరకలేదు. రాష్ట్ర మంత్రి అయ్యారు, 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణల పట్టుదల, జై ఆంధ్ర ఉద్యమం నడుమ 1973 జనవరిలో ఆ కుర్చీ పోయింది. తర్వాత ఢిల్లీ బాట. విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు ఇలా పెద్ద శాఖలన్నీ చూశారు.

మరి కలం సంగతి? పూర్తిగా వదిలేయలేదు. సొంతంగా రాసే తీరిక లేకపోతే, ఇంకొకరు రాసిందాన్ని తన భాషల్లోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు తెలుగులోని అతి పెద్ద నవలల్లో ఒకటి. దాన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చింది పీవీయే. మరాఠీ రచయిత హరి నారాయణ్ ఆప్టే నవలను అబల జీవితం పేరుతో తెలుగు చేసింది కూడా ఆయనే. ఫైళ్లు, సభలు, ఢిల్లీ ప్రయాణాల మధ్య అంత పని చేయడం మామూలు విషయం కాదు. అయినా అది అనువాదమే. తన కథ తాను చెప్పుకోవడం మాత్రం వాయిదా పడుతూనే వచ్చింది.

అరవై దాటాక ఆయన మరో పాఠం మొదలుపెట్టారు. అదే కంప్యూటర్. ఆ రోజుల్లో మన నాయకుల్లో చాలామందికి అది చూడ్డానికే వింత వస్తువు. పీవీ మాత్రం దాని ముందు కూర్చుని కీబోర్డు నేర్చుకున్నారు, ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకున్నారు. తన రాత తానే టైప్ చేసుకునే స్థాయికి వచ్చారు. స్పానిష్ కూడా నేర్చుకున్నారు. కలను పక్కన పెట్టినా, దానికి కావాల్సిన సరంజామా మాత్రం పోగు చేసుకుంటూనే ఉన్నారన్నమాట.

ఆళ్లగడ్డ నేత రాజీనామా.. నంద్యాల రికార్డు

1991కి వద్దాం. ప్రధాని కుర్చీలో కూర్చునేనాటికి పీవీ ఏ సభలోనూ సభ్యుడు కారు. రాజ్యాంగం ప్రకారం ఆరు నెలల్లోగా పార్లమెంటుకు ఎన్నిక కావాలి. మరోవైపు ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. బంగారం తాకట్టు పెట్టాల్సిన రోజులు. మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిని చేసి, జులై 24 బడ్జెట్‌తో సంస్కరణల తలుపు తెరిచారు. ఇదంతా ఎంపీ కాకుండానే జరిగింది!

అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచి అప్పుడే గెలిచిన కాంగ్రెస్ ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి. ఆయనది ఆళ్లగడ్డ. పీవీ కోసం ఆయన తన సీటు వదులుకున్నారు. నంద్యాల ఉప ఎన్నిక నవంబర్‌లో జరిగింది. తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ బరిలో నిలిచారు. ఫలితం వచ్చాక దేశమంతా నంద్యాల వైపు చూసింది. పీవీ మెజారిటీ 5.80 లక్షలు! గిన్నిస్ బుక్ కూడా ఆ గెలుపును రికార్డుగా రాసుకుంది.

నంద్యాలకు ఇలాంటివి కొత్త కాదు. 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్ ఖాతాలో పడితే, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలే. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ వెంటనే రాష్ట్రపతి అయ్యారు. 1969లో చేజారిన రాష్ట్రపతి పదవి ఆయనకు నంద్యాల మీదుగానే దక్కింది. అందుకే ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానిని ఇచ్చిన సీటు అని నంద్యాల జనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం. నరసింహస్వామి వెలసిన కొండ. ఆ స్వామి పేరు పెట్టుకున్న మనిషి ఆ ఓట్లతోనే ఢిల్లీలో నిలదొక్కుకున్నారు. కానీ ఆ గెలుపుతో పుస్తకాల పెట్టెలు ఇప్పట్లో తెరుచుకోవని కూడా తేలిపోయింది.

ఓడిపోయాక తెరుచుకున్న పెట్టె

ఐదేళ్ల పాలన. లైసెన్స్ రాజ్‌కు చెల్లుచీటీ ఒకవైపు, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత మరోవైపు. మెచ్చుకున్నవాళ్లున్నారు, క్షమించనివాళ్లూ ఉన్నారు. 1996 ఎన్నికల్లో పీవీ నంద్యాలతో పాటు ఒరిస్సాలోని బరంపురం నుంచి కూడా పోటీ చేశారు. నంద్యాలలో ఆయన మీద తెలుగుదేశం నిలబెట్టింది ఆళ్లగడ్డకే చెందిన భూమా నాగిరెడ్డిని. రెండు చోట్లా పీవీయే గెలిచారు. దేశంలో మాత్రం కాంగ్రెస్ ఓడిపోయింది. ఆయన బరంపురం ఉంచుకుని నంద్యాల వదులుకున్నారు. ఆ ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి ఎంపీ అయ్యారు. ఆళ్లగడ్డ నేత ఖాళీ చేసిన సీటు ఐదేళ్లు తిరిగేసరికి మళ్లీ ఆళ్లగడ్డ నేత చేతికే వచ్చింది.

ఆ తర్వాత పతనం వేగంగా సాగింది. 1996 ముగిసేలోగా పార్టీ అధ్యక్ష పదవి, పార్లమెంటరీ పార్టీ నాయకత్వం రెండూ పోయాయి. కేసులు చుట్టుముట్టాయి. 1998 ఎన్నికల్లో సొంత పార్టీ టికెట్ కూడా ఇవ్వలేదు. మాజీ ప్రధానికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

సరిగ్గా ఆ ఏడాదే ఆయన నవల వచ్చింది. పేరు ది ఇన్‌సైడర్.

అప్పటికి ఆయన వయసు ఏడున్నర పదులు దాటింది. గొల్ల రామవ్వ అచ్చయి దాదాపు యాభై ఏళ్లు. ఇంగ్లిష్‌లో రాసిన ఈ నవలలో హీరో పేరు ఆనంద్. సంస్థానంలో పుట్టి, చదువుకుని, ఆశయాలతో రాజకీయాల్లోకి వచ్చిన కుర్రాడు. అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రంలో మంత్రి అవుతాడు, ముఖ్యమంత్రి అవుతాడు, భూసంస్కరణల దగ్గర దెబ్బ తింటాడు. ఆనంద్ ఎవరో చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మిగతా పాత్రలు ఎవరెవరివో పోల్చుకునే పనిలో అప్పట్లో పాఠకులు తెగ బిజీ అయిపోయారు. తర్వాత కల్లూరి భాస్కరం అనువాదంతో లోపలి మనిషి పేరుతో అది తెలుగులోకీ వచ్చింది.

నవల ఆయన ముఖ్యమంత్రి పదవి కోల్పోయిన కాలం దగ్గరే ఆగిపోయింది. ఢిల్లీ లేదు, ప్రధాని పదవి లేదు, నంద్యాల లేదు. తనను చరిత్రలో నిలబెట్టిన అధ్యాయాన్ని నవలగా రాసే సమయం ఆయనకు మిగల్లేదు. ఆలస్యంగా నెరవేరిన కలకు పడిన వెల ఇదే. పదవులు పట్టుకుపోయిన యాభై ఏళ్లను ఏ మెజారిటీ కూడా తిరిగి తెచ్చివ్వలేదు.

కోర్టు మెట్లు ఎక్కుతూనే..

కేసులు మాత్రం చివరిదాకా వెంటాడాయి. జేఎంఎం ముడుపుల కేసులో 2000లో ప్రత్యేక కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. లఖూభాయ్ పాఠక్ కేసులో 2003లో నిర్దోషిగా బయటపడ్డారు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. ఈ మధ్యలోనూ రాత ఆపలేదు. అయోధ్య ఘటనపై తన వాదనను పుస్తకంగా రాసి పెట్టారు. అది ఆయన పోయాక, 2006లో బయటకొచ్చింది.

2004 డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో పీవీ కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. రెండు దశాబ్దాలు కావస్తుండగా, 2024లో కేంద్రం ఆయనకు భారతరత్న ప్రకటించింది.

నంద్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం. ఆళ్లగడ్డ ఆ జిల్లాలోనే ఉంది. ఎన్నికలు వచ్చాయంటే చాలు, 5.80 లక్షల మెజారిటీ మాట ఏదో ఒక టీ కొట్టు దగ్గర వినపడాల్సిందే. కానీ పీవీ కథలో ఆ అంకె ఒక్కటే రికార్డు కాదు. పదవి పోయి, పార్టీ పక్కన పెట్టి, కోర్టుల చుట్టూ తిరుగుతున్న వయసులో ఓ పెద్దాయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ఆపిన పని మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం కథ చెప్పలేకపోయారు. చెప్పగలిగినంత మాత్రం తన చేత్తోనే టైప్ చేసి మరీ వెళ్లారు.