చెత్తకూ లెక్క చూసిన ఆడిటర్ – జె.సి. కుమారప్ప

ఈ రోజుల్లో సర్క్యులర్ ఎకానమీ అనే మాట బాగా వినబడుతోంది. వాడి పారేసిన దాన్ని మళ్లీ వాడుకలోకి తేవడం, నేల నుంచి తీసుకున్నదాన్ని నేలకే చేర్చడం, ఆ పనిలోనే నాలుగు డబ్బులు సంపాదించుకోవడం – స్థూలంగా దాని అర్థం ఇదే. ఈ పేరు పుట్టక చాలా ముందే ఆ ఆలోచన చేసి, ఆచరించి చూపిన మహనీయుడు జె.సి. కుమారప్ప. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో చదువుకుని రేపు సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆయన జీవితం తెలుసుకోవాలని మేము కోరుతున్నాము.

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. అసలు పేరు జోసెఫ్ చెల్లదురై కొర్నేలియస్. లండన్‌లో అకౌంటెన్సీ చదివి, బొంబాయిలో ఆడిటర్‌గా స్థిరపడ్డారు. దొరల దుస్తులు, దొరల అలవాట్లు. 1927లో అమెరికా వెళ్లి సిరక్యూస్‌లో వ్యాపార నిర్వహణ, ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో పబ్లిక్ ఫైనాన్స్ అభ్యసించారు. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ సెలిగ్మన్, అంతకు పదేళ్ల పైచిలుకు ముందు మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారికి కూడా గురువు. ఒకే గురువు శిష్యులైన ఈ ఇద్దరూ పల్లె గురించి వేరువేరుగా ఆలోచించారు. ఆ సంగతి తర్వాత చెబుతాము.

బ్రిటిష్ ప్రభుత్వ లెక్కలు తిరగేసిన కొద్దీ, పేద రైతు కట్టిన పన్ను తిరిగి ఆ రైతు బాగుకు ఖర్చు కావడం లేదని ఆయనకు అర్థమైంది. 1929లో ఆ పరిశోధన తీసుకుని సబర్మతి వెళ్లి గాంధీజీని కలిశారు. ఆ కలయికతో జీవితమే మారిపోయింది. ఖద్దరు కట్టారు. తాతగారి పేరైన కుమారప్పను తన పేరుగా పెట్టుకున్నారు. గుజరాత్‌లోని మాతర్ తాలూకాలో పల్లెపల్లె తిరిగి ఆర్థిక సర్వే జరిపించారు. 1934 బీహార్ భూకంప సహాయ నిధి లెక్కలు చూసినప్పుడు, గాంధీజీ బృందం ఖర్చును కూడా ఆ నిధి నుంచి ఇవ్వడానికి ఒప్పుకోలేదని చెబుతారు. లెక్క అంటే ఆయనకు అంత పట్టింపు.

1934 డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. దాని బరువంతా మోసింది కుమారప్పే. మగన్‌వాడీలో నూనె గానుగ, చేతి కాగితం, తేనెటీగలు, సబ్బు, ఎరువుల తయారీ వంటివి సాగాయి. కిరోసిన్ బదులు ఊళ్లో ఆడిన నూనెతో వెలిగే మగన్ దీపం అక్కడే తయారైంది. పాత గుడ్డలు, చిత్తు కాగితాలు కాగితంగా మారాయి. జైపూర్ దగ్గర సాంగానేర్‌లో ఉన్న జాతీయ చేతి కాగితం సంస్థకు ఈనాడు ఆయన పేరే ఉంది.

ఆయన లెక్క మన వేరుశనగతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. కాయలు దూరపు మిల్లుకు పోతే నూనె డబ్బాలో తిరిగి వస్తుంది, మనం కొనుక్కుంటాము. చెక్క మాత్రం రాదు. అదే ఊరి గానుగలో ఆడితే నూనె ఇంటికి, చెక్క పశువుకు, పేడ చేనుకు. మిల్లు లెక్కలో లాభం కనబడుతుంది కానీ చేను పోగొట్టుకున్నది ఎక్కడా రాయరు. అలాంటి లెక్క తప్పని ఆయన వాదించారు.

తెలుగువాళ్లకు కూడా ఆయనతో ఒక బంధం ఉంది. రాజమండ్రికి చెందిన కె.వి. రత్నం గారు తయారు చేసిన స్వదేశీ పెన్ను గాంధీజీకి చేరింది కుమారప్ప ద్వారానే. అది బాగుందని మెచ్చుకుంటూ 1935 జూలై 16న గాంధీజీ రత్నం గారికి ఉత్తరం రాశారు. సిరా అయిపోతే నింపుకోవచ్చు, పాడైతే బాగు చేయించుకోవచ్చు. రాసి పారేసే రీఫిల్ పెన్నుల కాలంలో ఇది ఆలోచించదగ్గ విషయం.

క్విట్ ఇండియా కాలంలో జైలుకు వెళ్లిన కుమారప్ప అక్కడ రాసిన పుస్తకమే శాశ్వత ఆర్థిక వ్యవస్థ గురించినది. 1945లో వెలువడింది. బొగ్గు, పెట్రోలు వంటివి తోడిన కొద్దీ తరిగిపోతాయి. అడవి, పంట, పశువు వంటివి జాగ్రత్తగా వాడుకుంటే మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటివాటి మీద ఆధారపడిన బతుకు గొడవలకు, యుద్ధాలకు దారి తీస్తుందని హెచ్చరించారు. చివరి రోజులు మదురై జిల్లా కల్లుపట్టిలో గడిపి, 1960 జనవరి 30న కన్నుమూశారు. అది గాంధీజీ వర్ధంతి రోజే.

ఇక ముందు చెబుతామన్న సంగతి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు పల్లెను కీర్తించే వారిని గట్టిగా ఖండించారు. మన వరకు ఆయన మాటే ముందు నిలబడుతుంది. చచ్చిన పశువు తోలు ఒలిచింది, వీధి ఊడ్చింది, చెత్త ఎత్తింది మన తాతముత్తాతలే. ఆ పనిలో సర్క్యులర్ అంతా ఉంది కానీ ఎకానమీ మనకు దక్కలేదు. 2013లో చట్టం చేసి మరీ చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించాల్సి వచ్చింది. ఇప్పుడు చెత్త నుంచి సంపద అని అందరూ అంటున్నప్పుడు, మళ్లీ కూలి మనదీ యాజమాన్యం ఇంకొకరిదీ కాకూడదు. కుమారప్ప దగ్గర మనం నేర్చుకోవలసింది గానుగ ఒక్కటే కాదు, లెక్కల పుస్తకం కూడా.

మన చుట్టూ అవకాశాలు తక్కువేమీ లేవు. ధర పడిపోతే మదనపల్లె టమోటా రోడ్డు పక్కన పారబోస్తారు. ఎండబెట్టి అమ్మవచ్చు, కుళ్లినదాన్ని ఎరువుగా, బయోగ్యాస్‌గా మార్చవచ్చు. కుప్పం వైపు పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపా కోళ్లకు, చేపలకు మేతవుతుంది, వేస్ట్ పట్టును వడకవచ్చు. పుంగనూరు చింతపండు ఒలిచాక మిగిలే గింజల పిండి బట్టల మిల్లుల్లో నూలుకు గంజిగా పనికొస్తుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషిద్ధం కనుక ఆకు విస్తళ్లకు, గుడ్డ సంచులకు గిరాకీ ఉంది.

అయితే మిత్రులారా, మొదలుపెట్టే ముందు నోట్‌బుక్ తీయండి. సరుకు ఏ నెలలో దొరుకుతుంది, లారీ బాడుగ ఎంత, ఆరితే ఎంత తూకం తగ్గుతుంది, కొనేవారు ఎవరు, మీ ఇంటివాళ్ల కష్టానికి కూలి ఎంత – అన్నీ రాయండి. అమ్మానాన్నల కూలి కలపకుండా చూపే లాభం లాభం కాదు. పని చేసేవారి చేతులకు గ్లవ్స్ కొనే ఖర్చు కూడా రాయండి. లెక్క కుదిరితే నలుగురు కలిసి మొదలుపెట్టండి. కుదరకపోతే ఇంకొకటి చూడండి. చెత్త ఎత్తిన ఇళ్ల నుంచి వచ్చిన మన పిల్లలే రేపు ఆ వ్యాపారానికి యజమానులు కావాలని ఈ వార్షికోత్సవ వేళ ఆశిస్తున్నాము.