జాన్ బాయ్డ్ డన్లప్

జాన్ బాయ్డ్ డన్లప్ (1840 ఫిబ్రవరి 5 - 1921 అక్టోబరు 23) స్కాట్లాండులో జన్మించి ఐర్లాండులో స్థిరపడిన పశువైద్యుడు. గాలి నింపిన రబ్బరు టైరును సైకిలు చక్రానికి అమర్చి, దానిని నలుగురూ వాడుకోదగిన వస్తువుగా నిలబెట్టిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. గాలి టైరు అనే ఊహ మొదట ఈయనది కాదు. ఆ సంగతి ఈయనకే ఆలస్యంగా తెలిసింది. అయినప్పటికీ చక్రం ఎంత బరువుండాలి, ఎంత వెడల్పుండాలి, ఎన్నాళ్ళు మన్నాలి అనే మూడు ప్రశ్నలను ఒకచోట చేర్చినది ఈయన ప్రయోగమే. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట సైకిలు షాపులలో మట్టిదారికి తగిన చక్రాన్ని ఎంచుకునేవారు నేటికీ తేల్చుకోవలసినవి ఆ మూడే.

తొలి జీవితం

డన్లప్ స్కాట్లాండులోని అయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టినవాడని ఇంట్లో చెప్పగా విని, తనది సున్నితమైన శరీరమని జీవితమంతా నమ్మాడు. నిజానికి 81 ఏళ్ళు బ్రతికిన ఈయనకు చివరి జబ్బు వరకు పెద్ద అనారోగ్యమేదీ కలగలేదు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, కొన్నేళ్ళు అక్కడే వృత్తి సాగించి, 1867లో ఐర్లాండుకు వెళ్ళాడు. డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరునితో కలిసి వైద్యశాల నడిపాడు. తరువాత బెల్‌ఫాస్టు నగరానికి మారాడు. మే స్ట్రీట్‌లోని ఈయన వైద్యశాల 1880ల నాటికి ఐర్లాండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది. యంత్ర నిర్మాణంలో ఈయనకు చదువు లేదు. రబ్బరుతో పనిచేసిన అనుభవం మాత్రం ఉంది.

మే స్ట్రీట్ ప్రయోగం

ఆ కాలంలో సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు కడ్డీని చుట్టేవారు. అది సన్నగా ఉండేది. నునుపైన నేల మీద బాగానే నడిచేది గాని, రాళ్ళు పరచిన వీధిలో ప్రతి గతుకూ తొక్కేవాని వెన్నెముకకు తెలిసేది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సేఫ్టీ సైకిలుతో ఈ బాధ ఇంకా పెరిగింది. పాత సైకిలుకు ముందు చక్రం మనిషి భుజమెత్తు ఉండేది, అందువలన చిన్న గుంతలను అది సునాయాసంగా దాటిపోయేది. సేఫ్టీ సైకిలులో రెండు చక్రాలూ చిన్నవి. పడితే ప్రమాదం తగ్గింది, కుదుపు పెరిగింది.

డన్లప్ కుమారుడు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. 1887 అక్టోబరులో డన్లప్ పలుచని రబ్బరు రేకుతో ఒక గొట్టం చేసి, గాలి నింపి, చెక్క బిళ్ళ అంచుకు గుడ్డతో బిగించాడు. తన వైద్యశాల పెరటిలో ముందు జానీ సైకిలు చక్రాన్ని, తరువాత ఈ చెక్క చక్రాన్ని దొర్లించి చూశాడు. మొదటిది పెరడు దాటకముందే ఆగి పడిపోయింది. రెండవది పెరడంతా దొర్లి, గేటు స్తంభాన్ని కొట్టుకుని వెనుకకు ఎగిరివచ్చింది. 1888 ఆరంభానికల్లా జానీ సైకిలు వెనుక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు అమరాయి. అదే ఏడాది డిసెంబరు 7న పేటెంటు లభించింది.

ఈ ప్రయోగంలో గమనించదగినది మెత్తదనం ఒక్కటే కాదు. గట్టి చక్రం రాయి ఎక్కినపుడు బండినీ మనిషినీ కూడా పైకి ఎత్తవలసి వస్తుంది, ఆ ఎత్తిన శక్తి అంతా వృథా. గాలి టైరులో రాయి టైరులోకి కొంత దిగబడుతుంది, బండి దాదాపు తన మట్టంలోనే సాగుతుంది. కనుక చూపుకు లావుగా, మందంగా కనిపించే చక్రమే గతుకుల నేలపై తేలికగా దొర్లుతుంది. సన్నని చక్రమే వేగవంతమనే నమ్మకం అప్పుడు ఎంత బలంగా ఉండేదో, కొత్తగా సైకిలు కొనేవారిలో ఇప్పటికీ అంతే బలంగా కనిపిస్తుంది.

పందెములు

లావు టైర్లు పాత సైకిలు ఫోర్కులో పట్టేవి కావు. బెల్‌ఫాస్టులోని ఎడ్లిన్ కంపెనీ వాటికి తగినట్లు వెడల్పైన ఫ్రేములు చేసి ఇచ్చింది. బెల్‌ఫాస్టు క్రూయిజర్స్ సైక్లింగ్ క్లబ్బు కెప్టెన్ విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలు కొన్నాడు. దానిని పందెంలో తొక్కి చూడమని డన్లప్ సూచించాడు. 1889 మే 18న క్వీన్స్ కాలేజీ క్రీడలలో హ్యూమ్ నాలుగు సైకిలు పందేలలోనూ గెలిచాడు. ఆ టైర్లను చూసి నవ్విన ప్రేక్షకులు తరువాత నవ్వలేదు. కొద్దికాలానికి లివర్‌పూల్‌లో జరిగిన పందేలలో ఒక్కటి తప్ప అన్నీ అతనివే. ఓడినవారిలో డబ్లిన్ వ్యాపారి హార్వే డుక్రో కుమారులున్నారు. ఓటమికి కారణం ఏమిటో తండ్రి వెంటనే గ్రహించాడు. 1889 చివరకు డుక్రో నాయకత్వాన డబ్లిన్‌లో కంపెనీ ఏర్పడింది. డన్లప్ తన హక్కులను కొద్ది సొమ్ముకు, కొన్ని వాటాలకు అప్పగించాడు.

పేటెంటు చెల్లకపోవుట

పేటెంటు వచ్చిన రెండేళ్ళకు అది చెల్లదని అధికారికంగా తెలియజేశారు. డన్లప్ వలెనే స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ (1822 - 1873) 1840లలోనే బ్రిటన్, ఫ్రాన్సు, అమెరికాలలో గాలి చక్రానికి పేటెంట్లు పొందాడు. 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రపు బండ్లకు తగిలించి చూపాడు కూడా. తోలు తొడుగు లోపల రబ్బరు పూసిన గుడ్డ గొట్టం ఉండేది. ఒక జత టైర్లు 1,200 మైళ్ళు తిరిగాయి. అయితే అప్పటికి రబ్బరు ఖరీదు హెచ్చు, సైకిలు ఇంకా రాలేదు, గుర్రపు బండికి ఆ ఖర్చు ఎవరూ పెట్టలేదు. థామ్సన్ చనిపోయిన పద్నాలుగేళ్ళకు డన్లప్ అదే దారికి వేరుగా చేరుకున్నాడు. ఆయన పేరును చెరిపివేసి డన్లప్‌నే ఏకైక ఆవిష్కర్తగా చెప్పడం న్యాయం కాదు. థామ్సన్ చక్రం వాడుకలోకి రాలేదన్నదీ నిజమే.

మన్నిక సమస్య

డన్లప్ తొలి టైరుకు ఒక పెద్ద లోపం ఉండేది. అది రిమ్ముకు జిగురుతో అతికి ఉండేది. ముల్లు గుచ్చుకుంటే గుడ్డ, రబ్బరు పొరలు అన్నీ ఒలిచి, అతికించి, మళ్ళీ చుట్టాలి. పందెగాడికి సరిపోయినా, రోజూ పనికి వెళ్ళేవానికి ఇది పనికిరాదు. 1890లో ఛార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచులలో తీగ పెట్టి, నడుమ పల్లంగా ఉన్న రిమ్ములో కూర్చునే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది విలియం బార్ట్‌లెట్ రిమ్ము అంచును పట్టుకునే మరొక పద్ధతి కనిపెట్టాడు. ప్రధాన పేటెంటు పోయిన కంపెనీని నిలబెట్టినవి కొనుగోలు చేసిన ఈ రెండు పేటెంట్లే. నేడు సైకిలు షాపులో రెండు పట్టీలతో టైరు ఊడదీసి, ట్యూబుకు పంచరు వేసి, పది నిమిషాలలో తిరిగి ఎక్కించగలగడం వెల్చ్ తీగ పుణ్యమే.

కంపెనీ తరువాత డబ్లిన్ నుండి కవెంట్రీకి తరలింది. రబ్బరు వాసనపై డబ్లిన్ నగరపాలకుల అభ్యంతరం ఇందుకు ఒక కారణం. 1895లో డన్లప్ కంపెనీ నుండి తప్పుకున్నాడు. మరుసటి ఏడే టెరా హూలీ అనే వ్యాపారి దానిని 30 లక్షల పౌండ్లకు కొని, సుమారు 50 లక్షలకు తిరిగి అమ్మాడు. ఆ సంపదలో డన్లప్‌కు దక్కినది స్వల్పం. ప్రపంచమంతా ఈయన పేరు మోసిన టైర్లలో అత్యధిక భాగం ఈయన వెళ్ళిపోయిన తరువాత తయారైనవే.

చివరి రోజులు

డన్లప్ డబ్లిన్‌లో నివసిస్తూ ఒక బట్టల వ్యాపారంలో వాటాదారుగా ఉన్నాడు. 1921 అక్టోబరులో జలుబు చేసి అనుకోకుండా మరణించాడు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానంలో సమాధి చేశారు. గాలి టైరు చరిత్రపై ఈయన వ్రాసినది మరణానంతరం, 1925లో పుస్తకంగా వెలువడింది. జానీ సైకిలుకు చేసిన తొలి టైరు ఎడిన్‌బరోలోని జాతీయ మ్యూజియంలో ఉంది. ఉత్తర ఐర్లాండులో నార్దర్న్ బ్యాంకు 10 పౌండ్ల నోటుపై ఈయన చిత్రాన్ని ముద్రించింది. భారతదేశంలో డన్లప్ కంపెనీ 1936లో పశ్చిమ బెంగాలులోని సాహాగంజ్‌లో కర్మాగారం స్థాపించింది. అక్కడ 2011లో పనులు నిలిచిపోయాయి.

కోనసీమ దారులలో

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ ఒండ్రు నేల. కొండలు లేవు, ఎత్తుపల్లాలు తక్కువ. కాని వానాకాలంలో కాలువ గట్లు, లంక దారులు మెత్తబడి చక్రాన్ని దిగలాగుతాయి. ఇనుప పట్టా వేసిన ఎద్దుబండి చక్రం అటువంటి దారిని గాడులుగా కోసివేస్తుంది. టైరు బండి అదే బరువును ఎక్కువ నేలపై పరచి నడుస్తుంది. డన్లప్ పెరటిలో తేలిన విషయానికి ఇది మరొక రూపం.

కొబ్బరికాయలు, గడ్డిమోపులు మోసే పెద్ద సైకిలుకు సాధారణంగా 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు, ముందు 32, వెనుక 40 స్పోకులు ఉంటాయి. వెనుక ఎక్కువ ఉండడానికి కారణం బరువంతా అక్కడే పడడం. ఈ చక్రం బరువైనదే, కాని ఏళ్ళ తరబడి మన్నుతుంది. మౌంటెన్ సైకిలు దీనికి భిన్నమైన దారిలో వచ్చింది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ యువకులు 1930ల నాటి లావు టైర్ల సైకిళ్ళను కొండలపై తొక్కారు. వెడల్పు సరిపోయింది గాని ఇనుప రిమ్ముల బరువు ఎక్కువైంది. ఆ దశాబ్దం చివర 26 అంగుళాల అల్యూమినియం రిమ్ములు దొరికిన తరువాతనే ఆ సైకిలు ఒక రూపానికి వచ్చింది.

కోనసీమలో అటువంటి సైకిలు కొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు అంగుళాల వెడల్పు టైరులో గాలి కొంత తగ్గించి నడిపితే తడి గట్టు మీద పట్టు బాగుంటుంది. అదే టైరు తారు రోడ్డు మీద, ముళ్ళ పట్టు కొరకు చేసినది గనుక, తొక్కడానికి భారమనిపిస్తుంది. ఇరుకు రిమ్ముకు లావు టైరు వేస్తే మలుపులో పక్కకు ఒరుగుతుంది. రిమ్ము, టైరు అంచున ఉన్న బరువు బయలుదేరేటప్పుడు ఫ్రేములోని బరువు కంటే ఎక్కువగా తెలుస్తుంది. కనుక తగ్గించుకుంటే అక్కడే తగ్గించుకోవాలి, స్పోకులలో కాదు. వెనుక సీటుపై మనిషినో మూటనో ఎక్కించుకొని పంటు దగ్గర రేవు దిగేవానికి తక్కువ స్పోకుల చక్రం తగదు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామాలలో ఉప్పు గాలికి ఇనుప రిమ్ము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ అల్యూమినియం రిమ్ము బరువు తగ్గడంతో పాటు మన్నికకూ మంచిది.

పాత పద్ధతి సైకిలు ట్యూబులకు ఉండే, లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగిన వాల్వును అనేక దేశాలలో డన్లప్ వాల్వు అంటారు. అది డన్లప్ చేసినది కాదు, తరువాత వచ్చినది.