జాన్ బన్యన్ – కథయు, లేఖనమును

ధ్యానమునకు: హోషేయ 12:10, మత్తయి 13:34-35, అపొస్తలుల కార్యములు 17:11



కల్పించిన కథ ద్వారా దేవుని సత్యమును చెప్పవచ్చునా, చెప్పకూడదా? క్రిస్మసు నాటకము కట్టునప్పుడును, సువార్త బుర్రకథ చెప్పించునప్పుడును, ఊరి నడుమ తెర కట్టి భక్తి సినిమా చూపునప్పుడును ఈ ప్రశ్న మన సంఘములలో లేచుచునే యున్నది. కల్పన యంతయు అబద్ధమే గనుక అది మందిరములోనికి రాకూడదని కొందరు పెద్దలందురు. పగలంతయు పొలములో పనిచేసి అలసి వచ్చినవారు కథ లేనిదే ఎట్లు విందురని యౌవనస్థులు అడుగుదురు. ముసలమ్మ ముచ్చటలను విసర్జింపవలెనని పౌలు తిమోతికి బోధించెను (1 తిమోతి 4:7). అయితే మన ప్రభువు జనసమూహములకు ఉపమానములతోనే బోధించెనని మత్తయి సువార్తలో చూచుచున్నాము. ఈ రెండింటిని ఎట్లు కలిపి గ్రహింపవలెను? ఈ ప్రశ్నను తన జీవితమంతటిలో మోసిన ఒక దైవసేవకుని చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన పేరు జాన్ బన్యన్. ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపముననున్న ఎల్‌స్టో అను గ్రామములో 1628వ సంవత్సరమున పుట్టెను. తండ్రి చిల్లులు పడిన గిన్నెలకు, బిందెలకు మాట్లు వేసి జీవించువాడు. కుమారుడు కొద్దిగా చదువను వ్రాయను నేర్చుకొని ఆ పనియే చేపట్టెను. 1644లో ఒక్క వేసవిలోనే తల్లియు, ఆ వెంటనే చెల్లెలును చనిపోయిరి. తండ్రి నెల తిరుగకమునుపే మరల వివాహము చేసికొనెను. ఆ సంవత్సరమే పదునారేండ్ల బన్యన్ పార్లమెంటు పక్షపు సైన్యములో చేరవలసి వచ్చెను. అప్పుడు రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. ఒక ముట్టడికి తనకు బదులుగా వెళ్లిన సైనికుడు తలకు గుండు తగిలి చనిపోగా, తనను దేవుడెందుకు బ్రదుకనిచ్చెనో అని ఆయన తరువాత ఆలోచించుకొనెను.

యౌవనమందు బన్యన్‌కు లేఖనములు రుచింపలేదు. సంతలో అమ్ము వీరగాథలు, పాటల పుస్తకములు, రాక్షసులను చంపిన యోధుల కథలు ఆయనకు ప్రీతి. వాటిని చేతపట్టుకొని బైబిలును త్రోసివేసితినని 1658లో అచ్చయిన తన గ్రంథములో ఆయనయే ఒప్పుకొనెను. కథ మనుష్యుని దేవుని వాక్యమునుండి ఎంత దూరము ఈడ్చుకొనిపోగలదో ఆయన ఒకరి నోట విని తెలిసికొనలేదు. తన ఆత్మలోనే ఎరిగియుండెను. ఈ సంగతి మనము జ్ఞాపకముంచుకొనవలెను.

సైన్యమునుండి తిరిగి వచ్చిన పిమ్మట ఆయన వివాహము చేసికొనెను. ఇంట ఒక పళ్లెముగాని చెంచాగాని లేనంత పేదరికము. అయితే భార్య తన తండ్రి విడిచిపోయిన రెండు పుస్తకములు తెచ్చెను. వాటిలో ఆర్థర్ డెంట్ అను బోధకుడు 1601లో ప్రకటించిన పుస్తకమొకటి. సామాన్యునికి పరలోకమార్గమును చూపు ఆ పుస్తకము నలుగురు మనుష్యుల సంభాషణగా వ్రాయబడినది. ఆ నలుగురును కల్పితులే. కల్పిత సంభాషణయైనను అది బన్యన్ హృదయములో భక్తి కోరికను రేపెను. అయినను అది ఆయనను రక్షింపలేదు. ఆయన గుడికి వెళ్లుట, ప్రమాణములు మానుట, పైకి మంచివాడగుట మాత్రమే జరిగెను.

ఒకనాడు పనిమీద బెడ్‌ఫర్డు వీధిలో పోవుచుండగా ముగ్గురు నలుగురు పేద స్త్రీలు వాకిట ఎండలో కూర్చుండి క్రొత్త జన్మమును గూర్చియు, క్రీస్తు ప్రేమను గూర్చియు మాటలాడుకొనుచుండిరి. తాను ఎరుగని సంతోషము వారిలో ఉన్నదని ఆయన గ్రహించెను. ఆ స్త్రీల కాపరియైన జాన్ గిఫర్డు ఆయనకు సహాయపడెను. గలతీ పత్రికకు లూథరు వ్రాసిన వ్యాఖ్యానము చేతికి వచ్చెను. అనేక సంవత్సరములు సందేహములతో పోరాడిన తరువాత, తన నీతి పరలోకమందున్న క్రీస్తే అని తెలిసికొని ఆయన నెమ్మది పొందెను. 1655 నాటికి ప్రసంగించుట ఆరంభించెను.

1658లో భార్య చనిపోయెను. నలుగురు చిన్నపిల్లలు మిగిలిరి. పెద్ద కుమార్తె మేరీ పుట్టు గ్రుడ్డిది. మరుసటి సంవత్సరము ఎలిజబెత్ అను యువతిని వివాహమాడెను. 1660లో రాజరికము తిరిగి వచ్చుటతో రాజ్యసంఘపు ఆరాధన వెలుపల కూడికలు జరుపువారికి శ్రమలు కలిగెను. ఆ నవంబరు 12న లోయర్ సామ్సెల్ అను పల్లెలో కూడిక జరుపబోగా ఆయనను పట్టుకొనిరి. పట్టుకొందురని ముందే తెలిసినను, కాపరి పారిపోయినయెడల మంద బెదరునని ఆయన వెళ్లెను. ఇకమీదట ప్రసంగింపనని మాట యిచ్చినయెడల విడుదల కలుగును. ఆ మాట ఆయన ఇయ్యలేదు. పండ్రెండు సంవత్సరములు బెడ్‌ఫర్డు చెరలో నుండెను. భార్య న్యాయాధిపతుల యెదుట నిలిచి బ్రతిమాలెను గాని ఫలము లేకపోయెను. గ్రుడ్డి బిడ్డను తలంచుకొనినప్పుడెల్ల తన మాంసమును ఎముకలనుండి చీల్చినట్లుండెనని ఆయన వ్రాసికొనెను. పోగుల త్రాళ్ల కొనలకు లోహపు మొనలు బిగించి అమ్మి, చెరనుండియే కుటుంబమును పోషించెను. 1672లో రాజు ప్రకటించిన సడలింపువలన ఆయనకు విడుదల కలిగెను. ఆ సంవత్సరమే బెడ్‌ఫర్డు సంఘము ఆయనను కాపరిగా ఎన్నుకొనెను.

పరిశుద్ధుల మార్గమును గూర్చి మరియొక గ్రంథము వ్రాయుచుండగా, మార్గము, ప్రయాణము, బరువు, పట్టణము అను పోలికలు ఆయన మనస్సులో కుప్పలుగా పుట్టెను. వాటిని వేరుగా వ్రాసి పెట్టగా యాత్రికుని ప్రయాణ కథయాయెను. చెరలోనే దీనిని ఆరంభించెనని చాలమంది పండితుల తలంపు. వ్రాసినదానిని స్నేహితులకు చూపగా వారిలో భేదము పుట్టెను. కొందరు అచ్చువేయుమనిరి. కొందరు వలదనిరి. అది మరుగుగా ఉన్నదనియు, కల్పితమైనదనియు, పోలికలు బలహీనులకు కన్నులు మూయుననియు వారి ఆక్షేపణ. ప్రియులారా, నేడు మన సంఘములలో వినబడు ఆక్షేపణ ఇదియే గదా!

బన్యన్ వారిని నిందింపలేదు. గ్రంథము ముందు భాగములో పద్యరూపముగా జవాబు వ్రాసెను. చేపలను పట్టువాడు ఒక్క గాలమునే నమ్ముకొనడు. చేపనుబట్టి సాధనమును మార్చుకొనును. ధర్మశాస్త్రమందలి బలులు, గుడారము రాబోవు క్రీస్తునకు ఛాయలు. ప్రవక్తలు పోలికలతో మాటలాడిరి. ప్రభువును అట్లే చేసెను. పోలిక వ్యర్థమైనదైతే లేఖనము దానినెందుకు వాడెను? ఇది ఆయన వాదము. మేము దీనికి తోడుగా యోతాము చెప్పిన చెట్ల కథను (న్యాయాధిపతులు 9), దావీదునకు నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్ల కథను (2 సమూయేలు 12) చూపుదుము. చెట్లు రాజును ఏర్పరచుకొనుటకు ఎన్నడును కూడలేదు. అయినను యోతాము అబద్ధికుడు కాడు. వినువారందరు అది ఉపమానమని ఎరుగుదురు.

1678లో ఆ గ్రంథము లండనులో అచ్చయ్యెను. కలయొక్క పోలికగా చెప్పబడినదని మొదటి పుటయందే ముద్రించి, దాని క్రింద హోషేయ 12:10ని చేర్చెను. ప్రక్క అంచులయందు లేఖనముల అధ్యాయములు, వచనములు గుర్తించెను. నిరాశ అను ఊబి, వ్యర్థపు సంత, నిరాశ రాక్షసుని కోట, ఆ కోట తలుపును తెరచిన వాగ్దానమను తాళపుచెవి, ఇవి పిల్లలును మరువలేని బొమ్మలు. ఒకప్పుడు బన్యన్‌ను వాక్యమునుండి ఈడ్చుకొనిపోయిన రాక్షసుల కథలే ఇప్పుడు ఆయన చేతిలో వాక్యమునకు దాసులాయెను. సిలువ యెదుట యాత్రికుని బరువు దానంతటదే జారిపడెను. అతడు దానిని తన బలముచేత దింపుకొనలేదు. ఈ గ్రంథము తెలుగుతో సహా రెండు వందలకు పైగా భాషలలోనికి తర్జుమా చేయబడినది.

అయినను తగవు ఆగలేదు. 1682లో మరియొక క్రైస్తవ రచయిత, బన్యన్ పుస్తకము నవ్వు పుట్టించుచున్నదని తలంచి, దానిని సరిదిద్దుటకు తానే ఒక రెండవ భాగము వ్రాసెను. బన్యన్ 1684లో తన సొంత రెండవ భాగమును ప్రకటించెను. అందులో యాత్రికుని భార్యయు నలుగురు కుమారులును ఆ మార్గముననే బయలుదేరిరి. పందొమ్మిదవ శతాబ్దములో లండను బోధకుడైన స్పర్జన్ యాత్రికుని కథను నూరు పర్యాయములకు పైగా చదివెను. అయినను పాపభారముతో వచ్చినవానిని మొదట చిన్న ద్వారమునకు కాక నేరుగా సిలువయొద్దకే పంపవలసినదని ఆయన చెప్పెను. ఇంతగా ప్రేమించిన పుస్తకమునైనను ఆయన లేఖనముతో తూచెను. ఇదియే బెరయవారి గుణము.

1688లో ఒక తండ్రికిని కుమారునికిని సమాధానము కలుగజేయుటకు బన్యన్ రెడింగు పట్టణమునకు వెళ్లెను. వారిని కలిపి, గుఱ్ఱముమీద వానలో తడియుచు లండను చేరి, జ్వరముచేత ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించెను. బన్‌హిల్ ఫీల్డ్సు శ్మశానములో ఆయన సమాధి నేటికిని కలదు.

ఈ జీవితమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, కథ తాను కథనని చెప్పుకొనవలెను. బన్యన్ తన కలను దర్శనమని అమ్మలేదు. నేడు పరలోకమును చూచి వచ్చితిమని చెప్పి, లేఖనములో లేని వివరములను జరిగిన సంగతులుగా చెప్పువారున్నారు. అది ఉపమానము కాదు. జాగ్రత్తపడవలెను.

రెండవది, కథలోని ఉపదేశమును పరీక్షింపవలెను. క్రిస్మసు నాటకములో సత్రపు యజమాని గద్దించి తలుపు వేయును. లూకా సువార్తలో అట్టి మనుష్యుడు కనబడడు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. ఇట్టివి చిన్న చేర్పులే. అయినను ఏది వాక్యమో, ఏది నాటకమో పిల్లలకు ముందుగా చెప్పవలెను. కృపకు బదులు మన క్రియలే రక్షించునని నేర్పు కథనైతే, అది ఎంత కన్నీరు పెట్టించినను విడిచిపెట్టవలెను.

మూడవది, కథ మనలను బైబిలునొద్దకు నడిపింపవలెను. నాటకము ముగిసిన రాత్రి ఆ అధ్యాయమును ఇంట దీపము దగ్గర తెరచి చదివినయెడల ఆ నాటకము తన పని చేసినది. చదువు రానివారికి చదువు వచ్చినవారు చదివి వినిపింపవలెను. బైబిలు మూసియుండి, కథ మాత్రమే నోట నిలిచినయెడల, మనము బన్యన్ యౌవనములోని సంతకే తిరిగి పోయినవారమగుదుము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వినుటకు చెవులను, పరీక్షించుటకు వివేకమును మాకు దయచేయుము. మేము చెప్పు ప్రతి కథయు నీ కుమారుని సిలువయొద్దకు మమ్మును నడిపించునుగాక. ఆమేన్.